రెండు నిమిషాల పని

నాలుగో ప్లాట్‌ఫారం సగం ఊడ్చేసరికి తెల్లవారింది. గట్టిపిండం నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడాలని చూసింది. నడుం మాట వినలేదు. మళ్లీ వంగి చీపురు అందుకుంది. ముప్పయ్యేళ్లుగా కర్ర ఒరుసుకుని ఒరుసుకుని ఆమె కుడిచేతి బొటనవేలి కింద చింతగింజంత కాయ కాచింది. ఎడమ మోకాలికి పాత చీర పేలిక బిగించి కట్టుకుంది. ఫినాయిల్ నీళ్లలో నాని నాని కాలివేళ్ల సందులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి హాజరు పుస్తకంలో ఉంది. బస్టాండులో మాత్రం మేనేజరు నుంచి టీ కొట్టతని దాకా అందరూ ఆమెను గట్టిపిండం అనే అంటారు. మెచ్చుకోలుగానే అంటారు, బరువు లాగే ఎద్దును మెచ్చుకున్నట్టు.

ఆ బస్టాండులో చెత్తబుట్ట ఒక్కటి కూడా లేదు. పద్దెనిమిదేళ్ల కిందట బాంబు పేలిన మర్నాడు ఎవరో పెద్దాయన వచ్చి, చెత్తబుట్టలో పెట్టి ఉంటారని అన్నాడు. ఆ సాయంత్రానికి ఊళ్లో బుట్టలన్నీ పీకేశారు. పెట్టింది బుట్టలో కాదనీ, బెంచీ కిందనీ తర్వాత తేలింది. అప్పుడు బెంచీల కింద రేకులు కొట్టారు. బుట్టలు మాత్రం తిరిగి రాలేదు. ఎప్పుడు పెడతారని ఆమె ఒకసారి అడిగితే, పైనుంచి ఆర్డరు రావాలన్నారు. పద్దెనిమిదేళ్లుగా జనం కాగితాలూ తొక్కలూ టీ కప్పులూ నేల మీదే పారేస్తున్నారు, ఆమె ఎత్తుతోంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎవడో చేసిన పాపం చివరికి వచ్చి చీపురు మీద పడింది.

"అత్తయ్యా, ఆ మూల కూడా నేనే ఊడుస్తా, నువ్వు కాసేపు కూర్చో," అంది కోడలు.

కోడలు పనిలో చేరి ఇవాళ్టికి నాలుగో రోజు. కొడుకు రంగులు వేసేవాడు. ఏడాది కిందట పరంజా మీంచి జారిపడ్డాడు, అప్పట్నుంచి మంచం మీంచి లేచింది లేదు. మూడు నెలల్లో గట్టిపిండానికి పని నుంచి సెలవు. ఆ చోటు కోడలికి ఇమ్మని మేస్త్రి కాళ్లా వేళ్లా పడి, ఆమె ఇప్పట్నుంచే పిల్లను చేర్పించింది. పిల్ల పనిమంతురాలు. చీపురు పట్టే ఒడుపు రెండో రోజుకే వచ్చేసింది. చూస్తుంటే అత్తకు సంతోషంగానే ఉంది. దాని అడుగున ఇంకేదో ఉంది. అదేమిటో ఆమె నాలుగు రోజులుగా తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఎండెక్కేసరికి బస్టాండు నిండింది. ఇన్ని వందల మందిలో ఒక్కడూ సామాను కింద పెట్టడు. కొందరు బ్యాగు పట్టీని కాలికి చుట్టుకుని కూర్చుంటారు. మరుగుదొడ్డికి వెళ్లే ఆడపిల్లలు రెండు సంచులూ భుజాన వేసుకుని ఆ ఇరుకులోకే దూరతారు. బాంబు పేలిన నాటికి పుట్టని పిల్లలు కూడా అంతే. ఎందుకని అడిగితే చెప్పలేరు, అమ్మ ఒడిలోంచే నేర్చుకుని వచ్చారు. "కాస్త సామాను చూస్తుండండి, ఇప్పుడే వస్తా" అనే మాట ఈ ఊళ్లో చచ్చిపోయింది. అడిగినవాడి మొహం వంకే అందరూ చూస్తారు గనుక అడిగేవాడే లేడు. కొత్త మొహం ఒకటి బెంచీ చివర కూర్చుంటే, మిగతావాళ్లకు ఉన్నట్టుండి ఏదో పని గుర్తొస్తుంది. మెల్లగా బెంచీ ఖాళీ అవుతుంది. ఆ కూర్చున్నవాడు తనను చూసి లేచారని తెలిసీ తెలియనట్టు, వేలి గోళ్లు చూసుకుంటూ ఉంటాడు.

బాంబు పేలిన రోజు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. పోయినవాళ్లను తీసుకెళ్లాక మధ్యాహ్నం ఒంటిగంటకు ప్లాట్‌ఫారం కడగాలన్నారు. మిగతా ఐదుగురు ఊడ్చేవాళ్లూ భయపడి పారిపోయారు. "నువ్వొక్కదానివే మిగిలావమ్మా," అని అప్పటి మేస్త్రి చేతులు పట్టుకున్నాడు. ఆమె గొట్టం పట్టుకుని చీకటిపడే దాకా కడిగింది. ఒంటి చెప్పులు అరవై మూడు దొరికాయి. లెక్కపెట్టాలని పెట్టలేదు, చెయ్యి దానంతటదే లెక్కపెట్టింది. సిమెంటు సంచుల్లో నింపి, ఎక్కడ పెట్టమంటారని అడిగితే ఎవరూ పలకలేదు. రాత్రికి బస్సులు కదిలాయి. ఊరు తలవంచలేదని మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు. ఊరు తలవంచలేదు, నిజమే. వంగింది ఈమె నడుమే.

తర్వాత మూడు వారాలకు ఎవరిదో సంచి ఒకటి బెంచీ మీద కనపడింది. బాంబులు చూసే స్క్వాడ్‌ను పిలిచారు. వాళ్లు రావడానికి రెండు గంటలు, చూడడానికి గంట. బస్సులు ఆగిపోతే జనం ఎంక్వైరీ కిటికీ అద్దాలు పగలగొట్టారు. సంచిలో కూరగాయలున్నాయి. ఇంకో సంచి కనపడ్డప్పుడు అప్పటి మేనేజరు కాసేపు ఆలోచించి, "ఆ కడిగినావిడ ఉంది కదా, ఆమెను పిలవండి," అన్నాడు. స్క్వాడ్ అయితే మూడు గంటలు, ఆవిడ అయితే రెండు నిమిషాలు. ఏ కాగితం మీదా రాయలేదు. మేనేజర్లు ఆరుగురు మారారు, మేస్త్రులు నలుగురు మారారు, ఈ ఏర్పాటు మాత్రం చేతులు మారుతూ వచ్చింది. పిల్లి మెడలో గంట కట్టే పని ఎప్పుడూ ఎలుకల్లో బక్కదానికే వస్తుంది.

తుపాకీ ఉన్న సెక్యూరిటీ వాళ్లు యాభై అడుగుల అవతల నిలబడతారు. ఆమె చీపురు కర్రతో సంచిని మెల్లగా కదుపుతుంది, తర్వాత కూర్చుని జిప్పు లాగుతుంది. బట్టలు. టిఫిన్ డబ్బా. పరీక్ష కాగితాలు. ఒకసారి పసిపిల్ల ఉయ్యాల గుడ్డా, పాలసీసా. అయ్యాక వెనక కుళాయి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. ఇంట్లో మూత పెట్టిన డబ్బా ఒక్కటి ఉండనివ్వదు. బీరువా తలుపులు ఊడదీయించింది. ఒకసారి కొడుకు ఊరికెళ్తూ బ్యాగు జిప్పు మూస్తే ఆమె పెట్టిన కేకకు పక్కింటి వాళ్లు పరుగెత్తుకొచ్చారు. దీన్ని జబ్బంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గట్టిపిండానికి జబ్బేమిటి?

ఇన్నేళ్లలో ఆమె ఒకటి నేర్చుకుంది. సంచి దొరికినప్పుడల్లా దాని సొంతదారు ఆ గుంపులోనే ఉంటాడు. నీళ్లకో, టికెట్టుకో వెళ్లి వచ్చేసరికి తన సంచి చుట్టూ జనం వలయం కట్టి ఉంటారు. నాదే అనడానికి నోరు రాదు. అతన్ని గుర్తుపట్టడం తేలిక. మిగతావాళ్లు భయంగా సంచి వైపు చూస్తుంటారు. అతను భయంగా మనుషుల వైపు చూస్తుంటాడు.

పన్నెండేళ్ల కిందట ఒకసారి, మంచికే అనుకుని, "అదిగో, ఆయనదే, ఇచ్చేయండి," అని వేలు చూపించింది. అతనో కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. సంచిలో ఇనుప సామాను ఉంది. ఆ ఇనుము చూడగానే జనం అతని మీద పడ్డారు. చదువుకున్నవాళ్లు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు, చంటిపిల్లను చంకనేసుకున్న ఒకావిడ, చెప్పులు తీసి మరీ కొట్టారు. "మిషను సామానయ్యా" అని ఆమె అరుస్తూనే ఉంది. పోలీసులు వచ్చి, కనుక్కుని, తప్పు జరిగిందన్నారు. అప్పటికి అతని ఎడమ కన్ను పోయింది. కొట్టినవాళ్లు తమ బస్సులెక్కి తమ ఇళ్లకు వెళ్లి అన్నాలు తిని ఉంటారు. ఎవర్నీ ఏమీ అనలేక ఆమె తన వేలినే తిట్టుకుంది.

అప్పట్నుంచి ఆమె వేలు ఎత్తలేదు. సంచి తెరిచి, లోపల ఏమున్నా సరే, "బట్టలే!" అని గట్టిగా అరుస్తుంది. జనం చెదిరిపోతారు. ఆమె అటు తిరిగి నేల ఊడుస్తూ ఉంటుంది. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు, సంచి ఎత్తిన చప్పుడు వినిపిస్తాయి. ఆమె తిరిగి చూడదు. కృతజ్ఞత చెప్పేందుకు కూడా ఎవరూ ఆగరు. ఆగితే పట్టుబడతామని భయం.

మధ్యాహ్నం వెనక షెడ్డులో అత్తా కోడళ్లు అన్నం తింటున్నారు. కోడలికి ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చి నవ్వింది.

"అత్తయ్యా, నీ మనవరాలు నిన్న ఏం చెప్పిందో తెలుసా? బళ్లో బాంబాట ఆడుకుంటారంట."

"బాంబాటేంటే?"

"ఒకళ్ల పుస్తకాల సంచి మధ్యలో పెడతారంట. అందరూ గోడ దగ్గరికి పరిగెత్తి చెవులు మూసుకుంటారంట. ఒకళ్లు మాత్రం కర్ర తీసుకుని వెళ్లి సంచి కదపాలంట. రోజూ నీ మనవరాలినే పంపిస్తున్నారు. ఎందుకే అంటే, 'మా నాయనమ్మ అదే కదా, అందుకని నేనే' అంటుంది. పైగా గొప్ప దానికి!"

కోడలు మళ్లీ నవ్వింది. అత్త చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆరేళ్ల పిల్ల. మిగతా పిల్లలు గోడకు ఆనుకుని చెవులు మూసుకున్నారు. ఈ పిల్ల చేతిలో కర్ర పట్టుకుని ఒంటరిగా నడిచి వెళ్తోంది. ఆమెకు అది కళ్లకు కట్టినట్టు కనపడింది. ఎవరు నేర్పారు వాళ్లకు? టీచర్లు నేర్పలేదు, పుస్తకాల్లో లేదు. అయినా ఎవరు గోడ దగ్గర నిలబడాలో, ఎవరు కర్ర పట్టుకుని వెళ్లాలో ఆ పసివాళ్లకు తెలిసిపోయింది.

"ఏమైందత్తయ్యా? పొలమారిందా?"

"ఏం లేదు. తిను," అంది. ముద్ద గిన్నెలో వదిలేసి చెయ్యి కడిగేసుకుంది.

నాలుగు గంటలకు రెండో ప్లాట్‌ఫారం దగ్గర కలకలం లేచింది. ఎవరో ఆడమనిషి అరిచింది. కాళ్ల చప్పుళ్లు, ఏడుపులు, మైకులో గొంతు. "రెండో ప్లాట్‌ఫారం మీద బ్యాగు మరిచిపోయినవారు వెంటనే..." అంటూ సగంలో ఆగిపోయింది. గట్టిపిండం వెళ్లేసరికి జనం పెద్ద వలయం కట్టి నిలబడ్డారు. మధ్యలో బెంచీ పక్కన ఒక బ్యాగు ఉంది. మేనేజరు, మేస్త్రి, సెక్యూరిటీ వాళ్లు ఎంక్వైరీ గది గోడ చాటున చేరారు.

ఆమె అలవాటు ప్రకారం ముందు బ్యాగును చూడలేదు, మొహాలను చూసింది. రెండో వరసలో గళ్ల చొక్కా అతను ఒకడు, నలభై ఏళ్లుంటాయి. చేతిలో అప్పుడే కొన్న టికెట్టు నలిగిపోతోంది. ఎడమ భుజాన చొక్కా మీద పట్టీ ఒరిసిన ముడత ఇంకా పోలేదు. అందరూ బ్యాగును చూస్తున్నారు, అతను అందర్నీ చూస్తున్నాడు. ఆమెకు ఊపిరి తేలికపడింది. ఇవాళ్టికి గండం లేదు. రెండు నిమిషాల పని.

చీపురు సరిచేసుకుని ముందుకు కదలబోతుంటే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వాగమ్మా. కొత్తమ్మాయిని వెళ్లనీ."

"అదెందుకు? నేనున్నాగా."

"ఎన్నాళ్లుంటావు? మూడు నెల్లు. తర్వాత ఎవరు చూస్తారు? నువ్వుండగానే అలవాటైతే మంచిది కదా. మేనేజరు సారు కూడా అదే అన్నారు."

"ఏం లేదమ్మా," అన్నాడు మేనేజరు గోడ చాటునుంచి. "పక్కన నిలబడి నువ్వే నేర్పించు. రెండు నిమిషాలే."

కోడలు అప్పటికే చీపురు తిరగేసి కర్ర ముందుకు పట్టుకుంది. "నేను వెళ్తానత్తయ్యా, నువ్వు ఊరికే కంగారుపడకు," అంది. మొహంలో రక్తం లేదు, అయినా నవ్వుతోంది. నాలుగు రోజుల పనిమనిషి పెద్దల కళ్లలో మంచిదనిపించుకోవాలని నవ్వే నవ్వు అది. చెప్పులు విడిచి, వలయంలోకి మూడడుగులు వేసింది. జనం దారి ఇచ్చారు. చక్కగా, మర్యాదగా, ఆమె చీర తమకు తగలకుండా ఇచ్చారు.

ఆ నాలుగో అడుగు ముసలావిడ పడనివ్వలేదు. మోకాలి నొప్పి, నడుం నొప్పి ఏమయ్యాయో, ఒక్క అంగలో వెళ్లి కోడలి జడ పట్టుకుని వెనక్కి లాగింది. పిల్ల వెల్లకిలా పడబోయి నిలదొక్కుకుంది.

"అత్తయ్యా! ఏంటిది?"

"అడుగేశావంటే కాళ్లు విరగ్గొడతా."

"ఏమ్మా, పిచ్చిపట్టిందా?" అన్నాడు మేస్త్రి.

"పట్టింది. పద్దెనిమిదేళ్లయింది పట్టి. మీకిప్పుడు కనపడిందా?"

ఆమె గొంతు అంత పెద్దదని ఆ బస్టాండులో ఎవరికీ తెలియదు. "బట్టలే" అన్న ఒక్క మాట తప్ప ఆ గొంతు పన్నెండేళ్లుగా ఎవరూ గట్టిగా విన్నది లేదు.

"తుపాకులున్నోళ్లు మీరు గోడెనక నిలబడతారు. కర్రున్నది నేను పోవాలి. ఎందుకయ్యా? నా ప్రాణం చెత్తలో దొరికిందా? ఆ రోజు మీ నెత్తురు కడిగినందుకు మెచ్చి ఇచ్చారా నాకీ పని? నేను చచ్చినా పర్లేదు, బస్సులు టైముకు కదలాలి. సరే, నా ఖర్మ అనుకున్నా. ఇప్పుడిది కూడానా? రేపు దీని కూతురా?"

వలయంలోంచి ఒకాయన, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది, గడియారం చూసుకుని, "ఏదో ఒకటి త్వరగా చెయ్యండమ్మా, మాకు ఇళ్లున్నాయి," అన్నాడు.

"నాకు లేదా ఇల్లు?" అంది ఆమె. అంత కోపంలోనూ అది నిజంగానే అడిగిన ప్రశ్న. ఆయన మళ్లీ గడియారం చూసుకున్నాడు.

మేనేజరు గోడ చాటునుంచి సగం బయటికొచ్చాడు. ముందు కసిరాడు, తర్వాత బతిమాలాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. "పోనీ ఇవాళ్టికి నువ్వే వెళ్లమ్మా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. నువ్వు గట్టిపిండానివి, నీకేం కాదు."

వెళ్లొచ్చు. రెండడుగులు వేసి, జిప్పు లాగి, "బట్టలే" అంటే అయిపోతుంది. అందులో ఏమీ లేదని అక్కడున్న అందరికంటే ఆమెకే బాగా తెలుసు. కానీ ఇవాళ తను వెళ్తే మూడు నెలల తర్వాత ఈ పిల్ల వెళ్తుంది. ఈ పిల్ల వెళ్తే కర్ర ఇంట్లోనే ఉంటుంది. ఆరేళ్ల పిల్ల ఇప్పటికే నడక నేర్చుకుంటోంది.

"వెళ్లను," అంది. "ఇదీ వెళ్లదు. మీ స్క్వాడ్‌ను పిలుచుకోండి."

"ఇవాళ వెళ్లకపోతే రేపు ఇద్దరూ రానక్కర్లేదు," అన్నాడు మేస్త్రి. "ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకోలేదు. వలయం అంచు వెంబడి నడిచి గళ్ల చొక్కా అతని పక్కన ఆగింది. జనానికి వినపడకుండా, అతని వైపు చూడకుండా మాట్లాడింది.

"బాబూ, నీ సామాను నువ్వు తీసుకుపో. నేను పక్కన నడుస్తా. ఎవరైనా చెయ్యెత్తితే ముందు నామీద పడనీ."

అతను ఉలిక్కిపడ్డాడు. పెదవులు తడుపుకున్నాడు. ఆఫీసు కార్డు ఆయన్నీ, సెక్యూరిటీ వాళ్లనీ, చంకలో పిల్లలున్న తల్లుల్నీ, ఒక్కొక్కరినే చూశాడు. అందరి చేతులూ చూశాడు.

"నాది కాదమ్మా," అన్నాడు.

"బాబూ..."

"నాది కాదంటున్నానా! నాకేం తెలీదు." ఒకరిద్దరు అతని వైపు తిరిగారు. వాళ్లు తిరగడం చూసి అతను కూడా మిగతావాళ్లలాగే బ్యాగు వైపు భయంగా చూడడం మొదలుపెట్టాడు.

ఆమెకు అతని మీద కోపం రాలేదు. అతన్ని అలా చేసినవాళ్లంతా చుట్టూ నిలబడి గడియారాలు చూసుకుంటున్నారు. కోపం వచ్చింది వాళ్ల మీద. బాంబు పెట్టినవాళ్లు ఒక్క రోజు చంపి పోయారు. మిగిలిన పద్దెనిమిదేళ్లూ వాళ్ల పని వీళ్లే జీతం లేకుండా చేసిపెడుతున్నారు. ఇది వాళ్లకు చెప్పాలనిపించింది. వెనక్కి వచ్చి చీపురు మేస్త్రి కాళ్ల ముందు పడేసి, కోడలి చెయ్యి పట్టుకుంది.

బయటి గేటు దాకా కోడలు చెయ్యి వదిలించుకోవాలని గుంజుతూనే ఉంది.

"నీకేం, నీ సర్వీసు అయిపోయింది. రేపట్నుంచి ఇంట్లో ఏం వండను? ఆయనకు మందులెక్కణ్నుంచి తేను? రెండు నిమిషాలు! రెండు నిమిషాలకి ఇంత గొడవా?"

"తిట్టవే. ఎంతైనా తిట్టు."

"తిట్టక? నా చెప్పులు కూడా అక్కడే పోయాయి."

"పోనీ," అంది అత్త. "నావి వేసుకో." తన చెప్పులు విప్పి ఆ పిల్ల కాళ్ల ముందు పెట్టి, తను మట్టి రోడ్డు మీద వట్టి కాళ్లతో నడిచింది. కోడలు వాటివంక కాసేపు చూసి, ఏడుస్తూనే వేసుకుంది. రేపటి సంగతి ఇద్దరికీ తెలియదు. తిరిగి మాత్రం చూడలేదు.

లోపల మేనేజరు ఫోను చేశాడు. స్క్వాడ్ ఇంకెక్కడో ఇంకో సంచి దగ్గర ఉందట, రెండున్నర గంటలు పడుతుందన్నారు. బస్సులను ఒకటో ప్లాట్‌ఫారానికి మళ్లించారు. జనం ముసలావిడను తిడుతూ అటు కదిలారు. గళ్ల చొక్కా అతను కూడా కదిలాడు. అతని బస్సు ఐదు గంటలకు వచ్చింది. నలిగిన టికెట్టు చూపించి ఎక్కాడు, కిటికీ పక్కన చోటు దొరికినా ఇవతల, నడవ వైపు కూర్చున్నాడు. బస్సు గేటు దాటే దాకా ఒడిలో ఖాళీ చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాడు.

రెండో ప్లాట్‌ఫారం మీద, ఎవరూ లేని ఆ నడిమధ్యలో, పక్కజేబులో సగం తాగిన నీళ్లసీసాతో, జిప్పు కొసకు ఏ చిన్నచెయ్యో ముడేసిన ఎర్ర ఊలు దారంతో, నీలం రంగు బ్యాగు ఉంది.